ఎత్తుకోని చిట్టీ

మొన్న ఆదివారం మా అల్లుడు వచ్చి వరండాలో కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కొత్త అల్లుడేమీ కాదు, పెళ్లయి రెండేళ్లు దాటింది. అయినా నా ముందు ఇంకా కుర్చీ అంచు మీదే కూర్చుంటాడు. చేతిలో ఫోను. అందులో రెండు బీమా పాలసీలు పెట్టుకుని ఒకదాని నుంచి ఒకదానికి వేలితో తిప్పుతున్నాడు. చాలాసేపు తిప్పి చివరికి, "మామా, ఒక ముచ్చట అడుగుత. పాలసీ కడితే పైసలు వాపస్ వస్తయా, రావా?" అన్నాడు. నేను గొంతు సవరించుకునేలోపే వంటింట్లో చిన్న రోట్లో అల్లం దంచుతున్న చప్పుడు ఆగిపోయింది. నా భార్య లోపలి నుంచే నవ్వింది. బయటికి వినపడేలా నవ్వే మనిషి కాదు ఆమె. "మంచోన్నే అడిగినవ్ బిడ్డా. ఈ ముచ్చట మీ మామకన్న ఎక్కువ తెలిసినోళ్లు జహీరాబాద్‌ల లేరు" అని మళ్లీ దంచడం మొదలుపెట్టింది. అల్లుడికి ఆ నవ్వు అర్థం కాలేదు. నాకైంది. కానీ అతనికి జవాబు చెప్పాలంటే ముందు నా సడ్డకుడి గురించి చెప్పాలి. అతని గురించి చెప్పాలంటే మాత్రం, ఇన్నేళ్లు గడిచినా, నాకు ఛాతీలో సన్నగా మండుతుంది.

సడ్డకుడంటే నా భార్య చెల్లెలి మొగుడు. ఒకే ఇంటి ఆడపిల్లల్ని చేసుకున్న మగవాళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారో చెప్పడానికి మా దిక్కు వాడే మాట అది. ఆ మాట పలికేటప్పుడే పళ్లు కాస్త బిగుసుకుంటాయి. అతను చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. నలుగురిలో నాలుగు మాటలని తేలికపడేవాణ్ణి. అతను మంచివాడు. పొడగరి. మొగుడంపల్లి వైపు నల్లరేగడి భూమి, అందులో చెరుకు, అల్లం. నవ్వితే ఊళ్లోని ముసలివాళ్లంతా అతని పక్కన చేరతారు. నేనేమో ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో పనివాణ్ణి, నవ్వితే ఏమైంది అని అడుగుతారు.

అతని పెళ్లి నాకు నిన్నటిలా గుర్తు. అత్తగారి ఊరు చిరాగ్‌పల్లి, బొంబాయి రోడ్డు మీదే ఉంటుంది. పెళ్లికొడుకు కారులో వస్తాడనుకుంటే కొత్త ట్రాక్టరు మీద వచ్చాడు. బంతిపూల దండలు, ముందు బ్యాండు మేళం, వెనక సగం మొగుడంపల్లి. రోడ్డు మీద పోయే లారీలు కూడా ఆగి చూశాయి. ఆ ట్రాక్టరు మా ఫ్యాక్టరీలో తయారైంది. ఆ లైన్‌లో ముందు ఇరుసుకు బోల్టులు బిగించే పని నాది. అంటే ఆ మహానుభావుడు ఊరేగింది నా చేతిపని మీద! మా మామ ట్రాక్టరు చుట్టూ తిరిగి, బానెట్ మీద చెయ్యి పెట్టి నిమిరి, "బండి మస్తున్నది" అన్నాడు. ఆ బోల్టులు బిగించిన చేతుల్ని ఆయన ఎప్పుడూ అలా చూసింది లేదు. ఆ రోజు భోజనాల దగ్గర అత్త నాకు నెయ్యి చెంచాతో, అతనికి గంటెతో పోసింది. ఇది నేను కళ్లారా చూశాను. నా భార్య మాత్రం ఇప్పటికీ ఒప్పుకోదు. "గంటె మా అమ్మ చేతిల లేదు, నీ కండ్లల్ల ఉన్నది" అంటుంది.

పాలసీల సంగతి ఆ తర్వాత వచ్చిన ఎల్లమాస నాడు మొదలైంది. ఎల్లమాస మా సరిహద్దు ఊళ్ల పండుగ, చలికాలపు అమావాస్య నాడు వస్తుంది. ఇంటిల్లిపాదీ చేనులోకి పోయి, పైరుకు పూజ చేసి, అక్కడే తినాలి. పచ్చి గింజలూ ఆకుకూరలూ అన్నీ కలిపి వండిన భజ్జి, సజ్జ రొట్టెలు, చల్లటి అంబలి. తిన్నాక జొన్నచేను గట్టు మీద పడుకుంటే లేవబుద్ధి కాదు. ఆ వేళ చూసుకుని మామకు వరసకు తమ్ముడయ్యే ఒకాయన సంచీ విప్పాడు. ఆయన బడిపంతులు. భార్య పేరు మీద ఏజెన్సీ పెట్టి పాలసీలు కట్టించేవాడు, మాట్లాడేది మాత్రం అంతా తనే. మేం చిన్నమామ అనేవాళ్లం. "ఇది మనీబ్యాక్. నాలుగైదేండ్లకు ఒకపారి పైసలు వాపస్ వస్తనే ఉంటయి. ఆఖర్ల బోనసుతోని మిగిలినయి వస్తయి. మనిషి ఉన్నా ఫాయిదానే, లేకున్నా ఫాయిదానే" అన్నాడు. సడ్డకుడు లేచి కూడా కూర్చోలేదు. పడుకున్నవాడు పడుకునే, "రాయి చిన్నమామా, పెద్దదే రాయి" అన్నాడు. అతని పెద్దదాని కిస్తీ నేను కట్టాలంటే నా జీతంలో సగానికి సగం పోతుంది.

అందరూ నా వైపు చూశారు. నేనూ మనీబ్యాకే తీసుకోవచ్చు, చిన్నది. కానీ అప్పుడేమవుతుంది? అతని వెనకాల అతనికంటే పొట్టిగా నిలబడ్డట్టవుతుంది. పెళ్లినాటి ట్రాక్టరు ఇంకా మరవలేదు నేను. "ఇంకోటి ఏమన్న ఉన్నదా?" అని అడిగాను. చిన్నమామ ముఖం చిట్లించాడు. "ఉన్నది గని, మన దిక్కు ఎవ్వలు కట్టరు. కట్టేది తక్కువ, రాసిచ్చేది శాన పెద్ద మొత్తం. మనిషికి ఏమన్న అయితే ఇంటోళ్లకు గా మొత్తం వస్తది. ఏం గాకపోతే మాత్రం రూపాయి వాపస్ రాదు." ఎంత పెద్ద మొత్తమని అడిగాను. చెప్పాడు. సడ్డకుడి కాగితం మీది అంకె కంటే ఎన్నో రెట్లు. నా చెవికి అదొక్కటే వినపడింది. వాపస్ రాదన్న మాట గట్టు మీద గాలికి పోయింది. "గదే రాయి. బతికుంటే నాకు జీతం వస్తది గద, మల్ల గా పైసలెందుకు?" అన్నాను. అందరూ నవ్వారు. సడ్డకుడు లేచి కూర్చున్నాడు. ఆ ఒక్క క్షణం నాకు చాలా బాగుంది. నా భార్య మాత్రం రొట్టెల మూట కడుతూ ఆగిపోయింది. "నామినీ నీ పేరే పెడుతున్న బిడ్డా. ఏమన్న అయితే పైసలన్నీ నీకే" అని చిన్నమామ అన్నాడు. "నాకేం వద్దు" అని ఆమె మూటను రెండోసారి, ఇంకా గట్టిగా ముడివేసింది.

ఇక్కడ మా అత్త గురించి చెప్పాలి. ఆమె పుట్టిల్లు బీదర్ దిక్కు. చిరాగ్‌పల్లి ఆడవాళ్లందరితో చిట్టీలు నడిపేది. చదువు లేదు గానీ ఎవరి వంతు ఎప్పుడో, ఎవరు ఎంత కోతకు ఎత్తుకున్నారో నోటి మీద ఉండేది. చిట్టీ ధర్మం తెలిసినవాళ్లకు తెలుసు. అందరూ నెలనెలా కడతారు. అవసరం పడ్డవాళ్లు నడుమలోనే వేలం పాడి ఎత్తుకుంటారు, వాళ్లకు కోత పడుతుంది. ఓపిక పట్టి ఆఖరుదాకా కూర్చున్నవాడు కోత లేకుండా మొత్తం చిట్టీ ఎత్తుకుంటాడు. అత్త మా రెండు పాలసీల గురించి అంతా విని, తల ఊపి, తన లెక్కలోకి మార్చుకుంది. "సమజైంది. చిన్నల్లుడు నడుమ నడుమ ఎత్తుకుంటడు. పెద్దల్లుడు ఆఖరి చిట్టీకి కూసున్నడు" అన్నది. "వదినా, గది చిట్టీ కాదు" అని చిన్నమామ చెప్పబోతే, "హౌదు హౌదు, నాకు తెల్వదా చిట్టీ అంటే?" అని పుట్టింటి కన్నడం కలిపి కొట్టిపారేసింది. చిట్టీల విషయంలో ఆమెకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఊళ్లో ఎవరికీ లేదు.

దీపాలు పెట్టే వేళకల్లా సంగతి చిరాగ్‌పల్లి అంతా పాకింది. పెద్దల్లుడు ఆఖరి చిట్టీకి కూర్చున్నాడట, చాలా పెద్ద చిట్టీ అట. ఆ తర్వాత నేను బస్సు దిగితే రోడ్డు పక్క కిరాణా కొట్టాయన బల్ల తుడిచి కూర్చోబెట్టేవాడు. "ఓపిక గల్ల మనిషివి పటేలా. మావోళ్లకు నడుమల్నే చేతులు దురద పెడ్తయి" అనేవాడు. అది చిట్టీ కాదనీ, అది ఎత్తుకోవాలంటే నేను పాడె ఎక్కాలనీ అతనికి చెప్పొచ్చు. చెప్పలేదు. జీవితంలో మొదటిసారి అత్తగారి ఊళ్లో నాకు బల్ల తుడిచారు. ఆ ముచ్చట ఎవరు పోగొట్టుకుంటారు?

కొన్నేళ్లకు అతని మొదటి వాపస్ వచ్చింది. దాంతో బోరుకు కొత్త మోటారు వేయించాడు. మిగిలినదాంతో అక్కాచెల్లెళ్లకు ఒకే అంచున్న రెండు చీరలు తెచ్చాడు, మా ఆవిడకు ఆకుపచ్చది, మా మరదలికి నెమలికంఠం రంగుది. ఆకుపచ్చ చీర నా భార్యకు ఎంత బాగా నప్పిందో చెప్పడానికి నాకు నోరు రాలేదు. చీరతోపాటు బస్తాడు అల్లం. అప్పటి నుంచి ఏటా పంట తీయగానే అల్లం బస్తా మా గుమ్మంలో దిగేది. నా భార్యకు అల్లం చాయ్ అంటే ప్రాణం. గొంతు మండేదాకా దంచి వేసుకునేది. నేను బజారులో కొన్న అల్లానికి, అతని చేనులో అల్లానికి ఘాటులో తేడా ఉండేది. అది నాకంటే ముందు ఆమె నాలుకకు తెలిసేది. పొద్దున్నే మొదటి గుక్క తాగి కళ్లు మూసుకుని "అబ్బ!" అనేది. ఆ అబ్బ నాది కాదు. ఫ్యాక్టరీ బస్సు కోసం పోతూ దారి పొడుగునా నేను ఆ అబ్బ గురించే ఆలోచించేవాణ్ణి.

రెండో వాపస్ వచ్చిన ఏడే నాకు యాక్సిడెంటైంది. డ్యూటీ దిగి స్కూటరు మీద చిరాగ్‌పల్లి వైపు పోతుంటే, నిండా చెరుకు వేసుకుని వస్తున్న ట్రాలీ ఒకటి పక్కకు ఒరిగింది. తర్వాత నాకు గుర్తున్నది చెరుకు వాసన, నా కాలు ఉండాల్సిన చోట లేకపోవడం. దవాఖానలో నన్ను పడుకోబెట్టి ఇంకా పెద్ద దవాఖానకు తోలాలా వద్దా అని డాక్టర్లు మాట్లాడుకుంటున్నారు. నాకు సగం తెలివి ఉంది, సగం లేదు. మంచం చుట్టూ మా వాళ్లు. చిన్నమామ సడ్డకుడి చెవిలో, నా కిస్తీ మొన్న కట్టిందేనా కాదా అని ఆరా తీస్తున్నాడు. అది అత్త చెవిన పడింది. పాపం, ఆమెకు తన లోకంలో ఒకటే తెలుసు: కష్టం వస్తే చిట్టీ ఎత్తుకోవాలి. కూతురి భుజం మీద చెయ్యి వేసి, ధైర్యం చెప్పే గొంతుతో, "ఏడ్వకు బిడ్డా. పైసలకు ఫికర్ లేదు. ఇగ పెద్దల్లుని చిట్టీ ఎత్తుకోండ్రి" అన్నది.

నా భార్య అరిచిన అరుపు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "నోరు ముయ్యమ్మా! ఆ చిట్టీ ఎత్తొద్దు! ఎన్నటికి ఎత్తొద్దు!" కన్నతల్లిని ఆమె అలా అనడం నేను ముందూ చూడలేదు, తర్వాతా చూడలేదు. అత్త బిత్తరపోయింది. "గట్లంటవేందే? కష్టానికి ఎత్తుకోకుంటే చిట్టీ ఇంకెందుకు?" అని గొణుగుతూనే ఉంది. సడ్డకుడు ఆమెను మెల్లగా బయటికి తీసుకుపోయాడు. తర్వాత నా కాలికి ఆపరేషన్ చేసి స్టీలు పట్టీ వేశారు. ఆ పట్టీకి డబ్బు కట్టింది సడ్డకుడు, అప్పుడే చేతికొచ్చిన మనీబ్యాక్ పైసల్లోంచి. జీతం రాగానే నేను తీర్చేశాను, అతను వద్దు వద్దంటున్నా వినకుండా తీర్చేశాను. అయినా ఏం లాభం? పట్టీ ఒంట్లోనే ఉండిపోయింది. చలికాలం పొద్దున అది సలిపినప్పుడల్లా అతని పాలసీ వాపస్ వచ్చిందని నాకు గుర్తుచేస్తుంది.

ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున నా భార్య రెండు కప్పులు తెచ్చింది. నా దాంట్లో అల్లం ఉంది, ఆమె దాంట్లో లేదు. "నీకేది?" అన్నాను. "పడ్తలేదు. మంటగ ఉంటుంది" అన్నది. రెండు రోజుల మంట అనుకున్నాను. వారాలు పోయాయి, నెలలు పోయాయి. చాయ్‌లోనే కాదు, పచ్చడిలో లేదు, కూరలో లేదు. మా అందరికీ కూరలో అల్లం వేసేముందు ఆమె తనకొక గిన్నెడు తీసి పక్కన పెట్టుకునేది. సడ్డకుడి బస్తా ఎప్పటిలాగే వచ్చేది. ఆమె దాన్ని శుభ్రంగా కడిగి, ఎండబెట్టి, చుట్టుపక్కల ఇళ్లకు పంచేది. ఒక్క ముక్క నోట్లో వేసుకునేది కాదు. అల్లం పండే నేల మీద పుట్టి, అల్లం చాయ్‌కి ప్రాణమిచ్చే మనిషి!

నాకు కారణం తెలిసిపోయింది అనుకున్నాను. నేను కుళ్లుతున్నట్టే ఆమే కుళ్లుతోంది. చెల్లెలి మొగుడి డబ్బుతో తన మొగుడి కాలు బాగుపడ్డ అవమానం ఆమె మనసుకు పట్టింది. నోటితో అనలేక అతని అల్లం మానేసింది. ఈ ఆలోచన వచ్చిన రోజు నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. నా పక్షాన నిలబడ్డ మనిషి ఒకరున్నారు, అదీ నా ఇంట్లోనే! తర్వాత ఎప్పుడు చిరాగ్‌పల్లి పోయినా, మరదలు చాయ్ పళ్లెం పట్టుకొచ్చే వేళకు నేను సర్దుకుని కూర్చునేవాణ్ణి. "నాకు అల్లం లేకుండ" అని నా భార్య అనేది. నేను వెంటనే సడ్డకుడి ముఖం చూసేవాణ్ణి. "మా అల్లం గంత ఘాటా వదినా?" అని అతను నవ్వేవాడు. నవ్వనీ అనుకునేవాణ్ణి. అతనికి ట్రాక్టరు ఉంది, బోరు ఉంది, చీరలు కొనే వాపసులున్నాయి. నాకొక అల్లం లేని చాయ్ కప్పు ఉంది. ఏళ్ల తరబడి దాని మీదే బతికాను.

అలా నడుస్తూ నడుస్తూ ఇద్దరి పాలసీలకూ గడువు దగ్గరపడింది. ఒకే రోజున కట్టినవి, ఒకే రోజున ముగిశాయి. నేను అప్పటికి రిటైరయ్యాను. నా పాలసీలో ఏమీ రాదని నాకు తెలుసు, కానీ తెలిసిన సంగతిని మనసు పూర్తిగా నమ్మదు. ఇన్నేళ్లు కట్టాం, ఒక్క ఏడూ తప్పలేదు, పోనీలే ఈయనకు కొంచెమైనా ఇద్దాం అని కంపెనీవాళ్లకు అనిపించకూడదా? ఊరికే కనుక్కుందామని జహీరాబాద్‌లోని ఆఫీసుకు పోయాను. కౌంటర్‌లో మా అమ్మాయి వయసు పిల్ల నా నంబరు కొట్టి చూసింది. "మీది అయిపోయింది సార్" అన్నది. "వాపస్ ఏం రాదా అమ్మా?" అన్నాను. ఆ పిల్ల కంప్యూటర్ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి, "మీకేం కాలేదు గద సార్" అన్నది, ఏదో బహుమతి వచ్చినట్టు సంతోషంగా. నా స్టీలు పట్టీ సంగతి చెబుదామనుకున్నాను గానీ, అది లెక్కలోకి రాదని నాకే తెలుసు. బయటికొచ్చి ఒక సోడా తాగి ఇంటికి వచ్చాను. నా భార్య గుమ్మంలోనే నిలబడి ఉంది. "ఏమన్నరు?" అంది. "అయిపోయిందట. ఏం రాదట" అన్నాను. "మంచిది" అని లోపలికి పోయింది. నన్ను ఓదార్చకపోవడం నాకు కాస్త కష్టంగానే తోచింది.

అసలు భయం ముందుంది. సడ్డకుడు తన ఆఖరి వాపస్, బోనసుతో సహా అందుకున్న సంతోషంలో చిరాగ్‌పల్లిలో దావత్ పెట్టాడు. చుట్టాలందరూ వస్తారు, అత్త వస్తుంది, బల్ల తుడిచే కొట్టాయన వస్తాడు. పెద్దల్లుడి ఆఖరి చిట్టీ ఏమైందని అడగకుండా ఎవరుంటారు? ఇన్నేళ్లు ఊరంతా నన్ను ఓపిక గల మనిషని గౌరవించింది ఆ చిట్టీని చూసే. కాలు నొప్పి అని తప్పించుకుందామనుకున్నాను. నా భార్య ఒప్పుకోలేదు. ఆమె ఆ ఆకుపచ్చ చీర తీసి కట్టుకుంది. అది చూసి నా కాలు నిజంగానే నొప్పి పెట్టింది.

మటన్, బగారన్నం, డబల్ కా మీఠా. సడ్డకుడి వేలికి కొత్త ఉంగరం. తినడాలయ్యాక పెద్దవాళ్లం చాపల మీద కూర్చున్నాం. అత్తకు అప్పటికి చెవులు మందగించాయి, అందుకని తను మాట్లాడితే పక్కింటికీ వినపడేది. నా వైపు తిరిగి, "పెద్దల్లుడా! మీ ఆఖరి చిట్టీ ఎత్తుకున్నరా?" అంది. కొట్టాయన తమలపాకు నములుతూ నములుతూ ఆపాడు. ఎన్నో ఏళ్ల గౌరవం నా ఒళ్లోంచి జారిపోతున్నట్టనిపించింది. సడ్డకుడు, ఆ మంచివాడు, నా కోసం ఏదో మాట మార్చబోయాడు. అతను నన్ను కాపాడబోవడం నాకు ఆ ప్రశ్న కంటే ఎక్కువ మండింది.

అంతలో నా భార్య గట్టిగా, వాళ్లమ్మకు వినపడేలా అన్నది, "మాది ముగిసిందమ్మా. ఎత్తుకునే పని పడలే." తర్వాత చాయ్ పళ్లెంతో నిలబడ్డ చెల్లెలి వైపు తిరిగి, "నా కప్పుల అల్లం వేసుకరా చెల్లె. జర ఎక్కువనే దంచు" అన్నది. మా మరదలు పళ్లెం పట్టుకునే నిలబడిపోయింది. "అక్కా, నీకు పడదు గద?" "ఇయ్యాల్టి సంది పడ్తది" అన్నది నా భార్య. నాకు ఏమీ అర్థం కాలేదు. ముందుగా అర్థమైంది అత్తకు. వినపడని ఆ చెవులకు ఈ మాట ఎలా వినపడిందో తెలియదు. కూతురి ముఖంలోకి కాసేపు చూసి, ఆమెకు సాధ్యమైనంత చిన్న గొంతుతో అడిగింది, "మొక్కా?" నా భార్య తల ఊపింది. "ఎప్పటి సంది?" "దవాఖాన కాన్నుంచి. ఆ పైసలు మా ఇంటికి రావొద్దని మొక్కుకున్న. గడువు దాటేదాక అల్లం ముట్టనన్న."

మా దిక్కు ఆడవాళ్లు మొక్కుకున్నప్పుడు ఇష్టమైనదాన్ని విడిచిపెడతారు. మొక్కు తీరేదాకా అది ఎందుకు మానేశారో పైకి చెప్పరు, చెబితే మొక్కు చెడుతుందంటారు. ఇది నాకు తెలియని సంగతి కాదు. మా అమ్మ చేసింది, మా వదినలు చేశారు. అయినా నా ఇంట్లో, నా కళ్ల ముందు, రోజూ పొద్దున ఒక కప్పు నాకిచ్చి ఇంకో కప్పు తను తాగిన మనిషి చేస్తుంటే నాకు కనపడింది ఏమిటి? నా సడ్డకుడు. ఎటు చూసినా అతనే. మా అత్త లేచి, మోకాళ్లు పట్టుకుని నడిచి, తనే పోయి అల్లం దంచింది. ఆ చాయ్ వచ్చాక నా భార్య మొదటి గుక్క తాగి కళ్లు మూసుకుంది. "అబ్బ!" అన్నది. ఎవరి చేను అల్లమో నేను అడగలేదు. ఈసారి ఆ అబ్బ ఎవరిదో నాకు తెలుసు.

ఇంకొక్క ముచ్చట చెప్పాలి, అది చెప్పకపోతే నా కడుపు నిండదు. అందరూ కళ్లు తుడుచుకుంటుంటే సడ్డకుడు వాతావరణం తేలిక చేద్దామని తన భార్య వైపు తిరిగి, "మరి నా పాలసీకి నువ్వేం మొక్కినవ్?" అన్నాడు. మా మరదలు ఖాళీ కప్పులు సర్దుకుంటూ, "నీది వాపస్ వచ్చేదే గద, దానికి మొక్కుడెందుకు?" అన్నది. అందరూ పగలబడి నవ్వారు. అతనూ నవ్వాడు. కానీ కొంచెం ఆలస్యంగా నవ్వాడు. ఉంగరాన్ని వేలి మీద ఒకసారి తిప్పి, నా భార్య చేతిలోని కప్పు వైపు చూసి, తర్వాత నా వైపు చూశాడు. ఆ చూపు నేను పోల్చుకోగలను. అతని పెళ్లిరోజు నుంచి నేను అతన్ని చూసిన చూపు అదే. అతను నా వైపు అలా చూడటం అదే మొదలు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నేను ఊరికే నవ్వుతుంటే నా భార్య మోచేత్తో పొడిచింది.

అల్లుడు ఫోను పట్టుకుని ఇంకా నా జవాబు కోసమే చూస్తున్నాడు. రెండు పాలసీల్లో ఒకటి వాపస్ ఇస్తుంది, ఒకటి ఇవ్వదు, ఏది కావాలో నీ జీతాన్ని చూసుకుని కట్టు, కానీ పక్కవాడిని చూసి మాత్రం కట్టకు అని చెప్పాను. ఇది ఫోనులో కూడా దొరికే జవాబే. అతను తల ఊపాడు. లోపలి నుంచి నా భార్య మూడు కప్పుల చాయ్ తెచ్చింది, మూడింట్లోనూ అల్లం ఘాటు వరండా దాకా కొట్టింది. అల్లుడు ఒక గుక్క తాగి దగ్గాడు. ఆమె నా పక్కన కూర్చుని కళ్లు మూసుకుని తాగుతోంది. ఆ ఏళ్లన్నీ మా ఇంట్లో మేమిద్దరం ఒకే డబ్బు గురించి ఒకే మాట అనుకుంటూ గడిపాం, వస్తుందేమో, వస్తుందేమో అని. నాది ఆశ, ఆమెది భయం. కాలం నా మాట వినకుండా ఆమె మాట విన్నది.